పురుగులను చూసి వాగు ఆరోగ్యం చెప్పడం ఆన్‌లైన్‌లో నేర్చుకోవచ్చా?

గుంటూరు నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. ఎమ్మెస్సీ జువాలజీ పూర్తయింది. వాగులు, కాలువల్లో బతికే చిన్న జీవులను బట్టి నీటి ఆరోగ్యాన్ని అంచనా వేయడం మీద ఎనిమిది వారాల ఆన్‌లైన్ శిక్షణ ఒకటి కనిపించింది. ఫీజు తొమ్మిది వేలు. ఇంట్లో కూర్చుని వీడియోలు చూస్తే ఈ పని చేతికొస్తుందా, మన కృష్ణా కాలువలకు పనికొస్తుందా, ఆ సర్టిఫికెట్ చూసి ఎవరైనా ఉద్యోగం ఇస్తారా అని అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. సగం వస్తుంది. ఆ సగం కోసం చేరవచ్చు. మిగతా సగం నీళ్ల దగ్గర, పట్టిన పురుగులను వేసిన తెల్ల పళ్లెం ముందు కూర్చుంటేనే వస్తుంది. రెండూ ఒకేసారి మొదలుపెట్టగలిగితేనే డబ్బు కట్టండి. కోర్సు అయ్యాక తీరిగ్గా కాలువ దగ్గరికి వెళ్దాం అనుకున్నవాళ్లు తర్వాత వెళ్లడం నేను పెద్దగా చూడలేదు. ఎనిమిది వారాలు కష్టపడి నేర్చుకున్న పేర్లు ఇంకో ఎనిమిది వారాల్లో మర్చిపోతారు.

నేను విజయవాడలో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్తాను. పంతొమ్మిదేళ్లుగా ప్రతి చలికాలం పిల్లల్ని తీసుకుని ఏలూరు కాలువ, బందరు కాలువ, బుడమేరు, నందిగామ దగ్గర మున్నేరు, కొండపల్లి కొండల పక్కన వానల తర్వాత కొన్ని నెలలు పారే చిన్న వాగులు తిరుగుతున్నాను. 2020 లాక్‌డౌన్‌లో ఇదే పాఠం పూర్తిగా ఆన్‌లైన్‌లో చెప్పాల్సి వచ్చింది. కాబట్టి తెర మీద ఏది వస్తుందో, ఏది రాదో రెండు వైపుల నుంచీ చూశాను.

ఈ విషయం కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం అసలు పని ఏమిటో చెప్తాను. నీటి శాంపిల్ సీసాలో పట్టి ల్యాబ్‌కి పంపితే ఆ నిమిషంలో ఆ నీళ్లు ఎలా ఉన్నాయో తెలుస్తుంది. రాత్రి రెండింటికి ఎవరో మురుగు వదిలి, పొద్దున తొమ్మిదికి మీరు సీసా ముంచితే అది అప్పటికే కిందికి పోయి ఉంటుంది. కానీ అడుగున రాయికి అంటుకుని, బురదలో దూరి, నాచు పట్టుకుని బతికే పురుగులు ఎక్కడికీ పోలేవు. వారాలు, నెలలు అక్కడే ఉంటాయి. ఆక్సిజన్ తగ్గితే ముందు సున్నితమైనవి పోతాయి, మొండివి మిగులుతాయి. ఎవరు మిగిలారో చూస్తే ఆ నీటికి గత కొన్ని వారాల్లో ఏం జరిగిందో చాలావరకు తెలుస్తుంది. ల్యాబ్ పరీక్ష అవసరం దీనివల్ల పోదు. ఏ రసాయనం, ఎంత మోతాదు అన్నది పురుగు చెప్పలేదు. ఏదో జరిగింది, ఇక్కడ వెతకండి అని మాత్రం చెప్తుంది.

## ఆన్‌లైన్‌లో బాగా వచ్చేవి

సిద్ధాంతం బాగా వస్తుంది. స్కోర్లు వేసే లెక్కలైతే క్లాస్‌రూమ్ కంటే ఆన్‌లైన్‌లోనే బాగా వస్తాయి. వీడియో ఆపి, వెనక్కి తిప్పి, కాగితం మీద చేసి చూసుకోవచ్చు కదా.

ఈ లెక్కల్లో ఎక్కువ చోట్ల మూలంగా తీసుకున్నది బ్రిటన్‌లో 1970ల చివర్లో తయారైన బీఎండబ్ల్యూపీ (బయలాజికల్ మానిటరింగ్ వర్కింగ్ పార్టీ) పట్టిక. జీవులను జాతి దాకా గుర్తుపట్టనక్కర్లేదు, కుటుంబం, అంటే దగ్గరి పోలికలున్న జాతుల గుంపు దాకా గుర్తుపడితే చాలు. ప్రతి కుటుంబానికి 1 నుంచి 10 దాకా ఒక అంకె ఉంటుంది. కాలుష్యాన్ని అసలు తట్టుకోలేనివాటికి 10, ఎంత మురుగులోనైనా బతికే ఎర్రటి సన్న పురుగులకు 1. దొరికిన కుటుంబాల అంకెలు కూడాలి, తర్వాత కుటుంబాల సంఖ్యతో భాగించి సగటు తీయాలి.

ఒక ఉదాహరణ చూడండి. కొండపల్లి వైపు ఒక వాగులో ఒక డిసెంబర్‌లో మా పిల్లలకు ఆరు కుటుంబాలు దొరికాయి. మేఫ్లైల్లో (పిల్ల దశ నీళ్లలో గడిపి, రెక్కలొచ్చాక కొద్దికాలమే బతికే పురుగులు) బేటిడే (4), వల అల్లుకునే కాడిస్‌ఫ్లై హైడ్రోసైకిడే (5), తూనీగ పిల్లల్లో గోంఫిడే (8), లిబెల్యులిడే (8), నీటి తేలు నెపిడే (5), కుట్టని దోమల్లాంటి ఈగల పిల్ల అయిన కైరోనోమిడే పురుగు (2). మొత్తం 32, సగటు 5.3. అదే నెలలో ఊళ్లో ఒక మురుగు కలిసే చోట దొరికినవి మూడే. ఎర్ర పురుగులు (1), కైరోనోమిడే (2), ఫైసిడే నత్తలు (3). మొత్తం 6, సగటు 2. మొత్తం అంకె మీరు ఎంతసేపు వెతికారన్న దాని మీద చాలా ఆధారపడుతుంది. ఓపికున్నవాడికి ఎక్కువ కుటుంబాలు దొరుకుతాయి. సగటు అంతగా ఊగదు. అందుకే రెండూ రాయాలి, పోల్చేటప్పుడు సగటును ఎక్కువ నమ్మాలి.

మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఈ పట్టికను మన దేశానికి సవరించి, దానికి వైవిధ్య స్కోరు అని ఇంకొకటి జోడించింది. రెండూ కలిపి చూసి నీటిని ఐదు తరగతులుగా పెడతారు. శుభ్రమైన నీటికి నీలం, తర్వాత లేత నీలం, ఆకుపచ్చ, నారింజ, తీవ్ర కాలుష్యానికి ఎరుపు. మీరు చేరే కోర్సులో ఈ పద్ధతి లేకపోతే విడిగా నేర్చుకోండి. మన దగ్గర రిపోర్టు రాస్తే అడిగేది ఇదే.

వైవిధ్య స్కోరు చాలామందికి అర్థం కాదు. లాక్‌డౌన్‌లో నేను దీన్ని పప్పులతో చెప్పాను, ఇప్పటికీ అలాగే చెప్తున్నాను. కందిపప్పు, పెసరపప్పు, మినప్పప్పు కలిపి ఒక గిన్నెలో వేయండి. కళ్లు మూసుకుని ఒక్కో గింజ తీసి వరసగా పేర్చండి. మొదటి గింజకు ఒకటి లెక్క. తర్వాతి గింజ దాని ముందుదానిలాగే ఉంటే లెక్క పెరగదు, వేరేదైతే ఒకటి పెరుగుతుంది. చివరికి ఆ లెక్కను మొత్తం గింజలతో భాగించండి. ఇరవై గింజలూ కందిపప్పే అయితే 1 బై 20, అంటే 0.05. బాగా కలిసి ఉండి లెక్క 15 వస్తే 0.75. పళ్లెంలో పురుగులతో చేసేదీ అచ్చం ఇదే. వాటి పేర్లు తెలియకపోయినా ఫర్వాలేదు, ఇది ముందుదానిలాంటిదేనా కాదా అన్నది చూస్తే చాలు. అందుకే కొత్తవాళ్లు మొదట ఈ స్కోరుతో మొదలుపెట్టడం మంచిది. ఆ ఏడాది పరీక్షలో దీని మీద ప్రశ్న తప్పినవాళ్లు ఇద్దరే.

గుర్తుపట్టడంలో మొదటి మెట్టు కూడా ఆన్‌లైన్‌లో వస్తుంది. కాళ్లున్నాయా లేవా, గుల్ల ఉందా, తోకలెన్ని, మొప్పలు ఎక్కడున్నాయి అని ఒక్కో ప్రశ్నా అడుగుతూ వెళ్లే తాళపు పట్టికలు వీడియోలో బాగా చూపిస్తారు. మాక్రోఇన్‌వర్టిబ్రేట్స్ డాట్ ఆర్గ్ అనే ఉచిత సైటులో ఫొటోలను ఎంత పెద్దవి చేసినా పురుగు కాలి మీద వెంట్రుక కూడా కనిపిస్తుంది. అవి అమెరికా తూర్పు ప్రాంతపు జీవులు, మనవి కావు. అయినా శరీర భాగాలు నేర్చుకోవడానికి అంత మంచి బొమ్మలు నేను వేరేచోట చూడలేదు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ వాళ్ల వాటర్‌షెడ్ అకాడమీ పాఠాలు కూడా ఉచితమే. తొమ్మిది వేలు కట్టేముందు ఒక వారం ఇవి చదివి చూడండి. అప్పటికీ ఆసక్తి నిలిస్తే కట్టండి.

## ఆన్‌లైన్‌లో రానివి

మూడు తోకల సంగతి చెప్తాను, ఎందుకంటే ఈ తప్పు నేనూ చేశాను. మేఫ్లై పిల్లకు సాధారణంగా మూడు సన్నటి తోకలుంటాయి. సన్న తూనీగ, అంటే డామ్‌సెల్‌ఫ్లై పిల్లకు కూడా వెనక మూడు కనిపిస్తాయి. అవి తోకలు కావు, ఆకుల్లా ఉండే మొప్పలు. మేఫ్లైకి మొప్పలు పొట్టకు రెండు పక్కలా ఉంటాయి, డామ్‌సెల్‌ఫ్లైకి పొట్ట పక్కల సాధారణంగా ఏమీ ఉండవు. చదివితే ఎంత తేలిక! కానీ బురద నీళ్లలో, అర సెంటీమీటరు పురుగు మీద, మొదటిసారి చూసేటప్పుడు మూడు తోకలు కనిపించగానే చేయి మేఫ్లై అని రాసేస్తుంది. నా రెండో ఏడాదిలో బందరు కాలువ మీద ఒక రేవు దగ్గర నీళ్లు బాగా మెరుగుపడ్డాయని రాసి, కాలేజీ సెమినార్‌లో చెప్పాను కూడా. నెల తర్వాత సీసాలో దాచినవి మళ్లీ మైక్రోస్కోప్ కింద పెడితే నేను మేఫ్లైలని రాసిన పదకొండింట్లో తొమ్మిది డామ్‌సెల్‌ఫ్లైలు. ఆ సెమినార్‌కి వచ్చిన పిల్లలందరినీ పిలిచి తప్పు సరిదిద్దాల్సి వచ్చింది. అప్పటి నుంచి ప్రతి చోట దొరికిన ప్రతి రకంలో ఒకటైనా సీసాలో దాచకుండా రిపోర్టు రాయలేదు.

బతికున్న పురుగు కదిలే తీరు ఫొటోలో ఉండదు. మేఫ్లై నీళ్లలో మొప్పలు అల్లాడిస్తూ ఉంటుంది, ఈదేటప్పుడు ఒళ్లు కిందికీ పైకీ ఊగుతుంది. డామ్‌సెల్‌ఫ్లై పక్కలకు, చేపలా ఊగుతుంది. కైరోనోమిడే పురుగు ఎనిమిది అంకెలా మెలికలు తిరుగుతుంది. నాలుగైదు పళ్లేలు చూశాక కదలికను బట్టే దూరం నుంచి చెప్పేస్తారు. చాలా కోర్సుల్లో చూపించేవి స్పిరిట్‌లో రంగు పోయిన చచ్చిన పురుగులు. రక్తంలో హీమోగ్లోబిన్ ఉండటం వల్ల కైరోనోమిడేలో కొన్ని ఎర్రగా ఉంటాయి, అందుకే ఆక్సిజన్ తక్కువున్న బురదలోనూ బతుకుతాయి. స్పిరిట్‌లో ఆ ఎరుపు వెలిసిపోతుంది. ఫొటోలో తెల్లటి పురుగును చూసి నేర్చుకున్నవాళ్లు కాలువ దగ్గర ఎర్రదాన్ని చూసి వేరే రకం అనుకుంటారు. దీన్ని ముందే చూడాలంటే విజయవాడలో అక్వేరియం షాపుకి వెళ్లండి. చేపల మేతగా అమ్మే బ్లడ్‌వర్మ్ ఇదే. ట్యూబిఫెక్స్ పేరుతో దొరికేవి మురుగు సన్న పురుగులు. కొంచెం కొనుక్కొచ్చి రెండూ పక్కపక్కన ఒక గిన్నెలో వేసి అరగంట చూడండి.

ఇక వల పట్టడం. నీటి ప్రవాహానికి ఎదురుగా వల నోరు పెట్టి, దాని ముందు కాలితో అడుగు రాళ్లను కదిలిస్తే పురుగులు లేచి వలలోకి కొట్టుకొస్తాయి. బ్రిటన్ పద్ధతిలో దీనికి మూడు నిమిషాలు. వీడియోలో చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఎంత గట్టిగా తన్నాలి, రాళ్ల చోట ఎంతసేపు, గట్టు పక్క గడ్డిలో ఎంతసేపు అన్నది ప్రతిసారీ ఒకేలా చేయకపోతే డిసెంబర్ లెక్కను జనవరి లెక్కతో పోల్చలేం. ఇది ఒంటికి అలవాటు కావాలి. మా పిల్లలకు రెండు చలికాలాలు పడుతుంది.

## మన కాలువలకు పనికొస్తుందా

మీ ప్రశ్నల్లో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, ఎందుకంటే ఆన్‌లైన్ కోర్సుల్లో దీని గురించి ఎవరూ చెప్పరు.

ఎక్కువ కోర్సులు చల్లని, రాళ్ల మీద గలగలా పారే వాగులను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. వాటిలో మేఫ్లై, స్టోన్‌ఫ్లై, కాడిస్‌ఫ్లై మూడూ ఉంటే మంచి నీరు అని నేర్పిస్తారు. మన డెల్టా కాలువల్లో స్టోన్‌ఫ్లై నాకు ఇన్నేళ్లలో ఒక్కటి కూడా దొరకలేదు. వెచ్చగా, నెమ్మదిగా పారే, అడుగున మట్టి ఉండే నీళ్లు వాటికి సరిపడవు. స్టోన్‌ఫ్లై లేదు కాబట్టి కాలువ పాడైపోయింది అని రాస్తే తప్పు. అది ఎప్పుడూ లేదు.

దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది. మురుగు కాలువల మీద సాయంత్రం పూట నారింజ రంగు చిన్న తూనీగలు ఎగురుతుంటాయి, మీరు గుంటూరులో తప్పకుండా చూసి ఉంటారు. దాని శాస్త్రీయ నామం బ్రాకీథెమిస్ కంటామినేటా. పేరులోనే కలుషితం అని ఉంది. అది లిబెల్యులిడే కుటుంబం. బ్రిటన్ పట్టికలో ఆ కుటుంబానికి 8. అంటే మన మురుగు కాలువలో హాయిగా బతికే తూనీగ పిల్లకు ఆ పట్టిక 8 మార్కులు వేస్తుంది! పైన నేను చెప్పిన కొండపల్లి లెక్కలో కూడా ఈ చిక్కు ఉంది, అందుకే ఆ 5.3 ను నేను ఉన్నదున్నట్టు నమ్మను. ఒకే పట్టికతో ఒకే వాగులో పై చోటును, కింది చోటును పోల్చడానికి వాడతాను. అలా పోల్చినప్పుడు పట్టికలో ఉన్న తప్పు రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. నేపాల్‌లో, హిమాలయ ప్రాంతంలో వాళ్ల నీళ్లకు తగ్గట్టు సొంత స్కోరు పట్టికలు తయారు చేసుకున్నారు. కృష్ణా డెల్టాకు అలాంటిది కావాలి. అది మీలాంటివాళ్లు ఐదారేళ్లు ఓపిగ్గా లెక్కలు రాస్తేనే అవుతుంది.

గాలి పీల్చుకునేవాటితో జాగ్రత్త. నీటి నల్లులు, పేడపురుగుల్లా కనిపించే నీటి పురుగులు, దోమ పిల్లలు, ఫైసిడే నత్తలు పైకొచ్చి గాలి తీసుకుంటాయి. నీళ్లలో ఆక్సిజన్ లేకపోయినా వాటికి ఇబ్బంది లేదు. పళ్లెం నిండా జీవులు ఉన్నాయని సంతోషపడేముందు వాటిలో నీటి లోపలి ఆక్సిజన్ మీద ఆధారపడేవి ఎన్నో విడిగా లెక్కపెట్టండి. గుర్రపుడెక్క కమ్మేసిన చోట ఇది బాగా తెలుస్తుంది. బుడమేరులో గుర్రపుడెక్క వేళ్లు దులిపితే పళ్లెం నిండిపోతుంది, అందులో ఎక్కువ భాగం గాలి పీల్చేవే.

కాలువలు కట్టేసే కాలం మర్చిపోవద్దు. ప్రకాశం బ్యారేజీ కింద డెల్టా కాలువలకు వేసవిలో నీళ్లు ఆపి మరమ్మతులు చేస్తారు. అడుగు ఎండిపోతుంది, పూడిక తీస్తారు. వానాకాలం మొదట్లో మళ్లీ నీళ్లు వదిలాక మొదటి వారాల్లో వల వేస్తే దాదాపు ఏమీ దొరకదు. ఒక ఏడాది మా పిల్లలు జులైలో ఏలూరు కాలువలో మూడే రకాలు చూసి, పైన ఎక్కడో విషం కలిసిందని టెన్షన్ పడి పరిగెత్తుకొచ్చారు. లాకుల దగ్గర నీళ్లు వదలడం, కట్టడం చూసే లస్కర్‌ని అడిగితే నీళ్లు వదిలి పన్నెండు రోజులైందన్నాడు. అక్టోబర్‌లో అదే చోట తొమ్మిది రకాలు వచ్చాయి. మీ చోటు కాలువ మీద అయితే లస్కర్‌తో మాట్లాడి నీళ్లు ఎప్పుడు వదిలారో, ఎప్పుడు కట్టారో మీ నోట్‌బుక్‌లో రాయండి. ఆ తేదీలు లేని లెక్కకు అర్థం ఉండదు.

వరద కూడా ఇలాంటిదే. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడ మీద పడ్డాక మూడు వారాలకు వెళ్తే అడుగంతా కొట్టుకుపోయి పళ్లెం ఖాళీ. డిసెంబర్ నాటికి కైరోనోమిడే, బేటిడే మేఫ్లైలు తిరిగొచ్చాయి. ఎగిరే తల్లి పురుగులు వచ్చి గుడ్లు పెడతాయి, పై నుంచి ప్రవాహంలో కొన్ని కొట్టుకొస్తాయి. నత్తలు, ఆల్చిప్పలు మాత్రం ఆలస్యంగా వస్తాయి, వాటికి రెక్కల్లేవు కదా. కాబట్టి వరద తర్వాత కనీసం నెలా నెలన్నర ఆగి, అప్పుడు కాలుష్యం గురించి మాట్లాడాలి. నా అనుభవంలో నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా మన ప్రాంతానికి మంచి కాలం.

గుంటూరు వైపు మీకు ఇంకో అవకాశం ఉంది. మిర్చి, పత్తి పొలాల మధ్య పారే కాలువలు. మురుగు వల్ల పాడైన నీళ్లలో సున్నితమైనవి పోయి, ఎర్ర పురుగులు గుంపులుగా పెరుగుతాయి. పురుగుమందు వల్ల పాడైన చోట అలా ఉండదు. నీళ్లు తేటగా, వాసన లేకుండా ఉంటాయి, చేపలూ తిరుగుతుంటాయి, మేఫ్లైలు మాత్రం కనిపించవు. ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులకు మేఫ్లైలు చాలా సున్నితం. చూడ్డానికి బాగున్న నీళ్లలో మేఫ్లై లేకపోతే ఆ వారం పక్క పొలంలో ఏం కొట్టారో రైతును మర్యాదగా అడగండి. నిందిస్తున్నట్టు అడిగితే మళ్లీ గట్టు మీదికి రానివ్వరు. పళ్లెం చూపించి అడిగితే వాళ్లే కూర్చుని చూస్తారు. నాకు తెలియని చాలా సంగతులు అలా గట్ల మీదే తెలిశాయి.

## కోర్సుతో పాటు ఏం చేయాలి

మీ ఇంటికి గంటలోపు వెళ్లగలిగే రెండు చోట్లు ఎంచుకోండి. ఒకటి మురుగు కలిసే ముందు, ఒకటి కలిసిన తర్వాత. పదిహేను రోజులకోసారి వెళ్లండి. కోర్సులో ఆ వారం ఏ గుంపు చెప్తే ఆ గుంపునే ఆ రోజు వెతకండి. మిగతావి పక్కన పెట్టండి. పది పళ్లేలు పూర్తయ్యేసరికి మీ రెండు చోట్లలో మామూలుగా ఉండేవాళ్లు ఎవరో మీకు ముఖాలు గుర్తున్నట్టు గుర్తుంటుంది.

సామానుకు పెద్ద ఖర్చు పెట్టొద్దు. వలకు రంధ్రం అర మిల్లీమీటరు ఉండాలి. దోమతెర గుడ్డ వాడొద్దు, దాని కన్నాలు మిల్లీమీటరు పైనే ఉంటాయి, చిన్నవన్నీ జారిపోతాయి, మీ లెక్కలో పెద్దవి మాత్రమే మిగులుతాయి. రొయ్యపిల్లల హేచరీలకు అమ్మే సన్న నైలాన్ గుడ్డ దొరికితే కుట్టించుకోండి. తెల్ల ప్లాస్టిక్ ట్రే, విడదీసి పెట్టడానికి ఫ్రిజ్‌లో వాడే ఐస్ ట్రే, సన్న పెయింట్ బ్రష్, డ్రాపర్, ఫోన్‌కి తగిలించే మాక్రో లెన్స్. దాచడానికి 70 శాతం ఇథనాల్ కావాలి. అది విడిగా కొనడం కష్టం, మీరు చదివిన డిపార్ట్‌మెంట్‌లో అడిగి చిన్న సీసాలో తెచ్చుకోండి. రకానికి ఒకటో రెండో దాచి మిగతావన్నీ తీసిన చోటే వదిలేయండి. అడవి హద్దులో ఉన్న వాగు అయితే అటవీ శాఖ అనుమతి లేకుండా ఏమీ తీయొద్దు.

ఒంటరిగా నీళ్లలో దిగొద్దు. దీంట్లో నేను రాజీపడను. కాలువలో పై నుంచి ఎప్పుడు నీళ్లు పెంచుతారో గట్టు మీద ఉన్నవాళ్లకు తెలియదు. మోకాలి లోతు దాటి వెళ్లొద్దు, కాలువలో అయితే గట్టు మీద కూర్చుని పొడుగు కర్ర వలతో గడ్డిని, వేళ్లను ఊడ్చడమే చాలు. మురుగు నీళ్లలో ఎలుక జ్వరం ప్రమాదం ఉంది, చేతికి కాలికి పుండ్లు ఉన్న రోజు మానేయండి, గ్లౌజులు, గమ్ బూట్లు వేసుకోండి. గుర్రపుడెక్క లోపల పాములుంటాయి, చెయ్యి పెట్టకుండా కర్రతో లాగండి. పెద్ద నీటి నల్లి కుడితే గంటలు నొప్పి ఉంటుంది, దాన్ని చెంచాతో ఎత్తండి.

## ఏ కోర్సులో చేరాలి, సర్టిఫికెట్ సంగతి

డబ్బు కట్టేముందు వాళ్లకు ఒక మెయిల్ పెట్టి అడగండి. నేను పంపిన ఫొటోలు ఎవరైనా చూసి తప్పొప్పులు చెప్తారా? ఉష్ణమండల జీవులు మీ పాఠాల్లో ఉన్నాయా? చివరి పరీక్ష నేను సొంతంగా తీసిన శాంపిల్ మీదా, లేక బహుళైచ్ఛిక ప్రశ్నలేనా? మొదటి ప్రశ్నకు లేదు అన్న జవాబు వస్తే తొమ్మిది వేలు కట్టొద్దు, ఉచితంగా దొరికేవి చాలు. మీ తప్పును ఇంకొకరు పట్టుకోవడం కోసమే మీరు డబ్బు కడుతున్నారు. నా తొమ్మిది డామ్‌సెల్‌ఫ్లైలను ఎవరైనా ఆ వారమే చూసి ఉంటే ఆ సెమినార్‌లో అలా మాట్లాడేవాణ్ని కాదు.

సర్టిఫికెట్ ఒక్కదాన్ని చూసి ఉద్యోగం ఇవ్వరు. మీ ఎమ్మెస్సీకి తోడుగా పనికొస్తుంది. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద ప్రాజెక్టులకు రిపోర్టులు రాసే కన్సల్టెన్సీలకు జీవావరణం చూసేవాళ్లు కావాలి. అక్కడ ఇంటర్వ్యూలో అడిగేది నువ్వు ఏం చూశావు అని. మా దగ్గర చదివిన ఒకమ్మాయి సర్టిఫికెట్ ఏమీ లేకుండా, పద్నాలుగు నెలల నోట్‌బుక్, నలభై సీసాలు తీసుకుని వెళ్లింది. సీసాల మీద లేబుల్ చదివి చెప్పమన్నారు, చెప్పింది, తీసుకున్నారు. పరిశోధన వైపు వెళ్లాలనుకుంటే హైదరాబాద్‌లో జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల మంచినీటి జీవశాస్త్ర కేంద్రం ఉంది. గుర్తుపట్టడంలో అనుమానాలు నివృత్తి చేసుకోవడానికి మనకు దగ్గర్లో ఉన్న పెద్ద దిక్కు అదే. ముందే ఉత్తరం రాసి, అనుమతి తీసుకుని, లేబుళ్లు సరిగ్గా రాసిన సీసాలతో వెళ్లండి.

మీరు మొదలుపెడితే ఫొటోలు ఇక్కడ ఈ జవాబు కింద పెట్టండి, చూసి చెప్తాను. ఒక్కో పురుగుకి మూడు ఫొటోలు కావాలి. పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, తోక దగ్గరగా ఒకటి. పురుగును తెల్ల గిన్నెలో వేలు లోతు నీళ్లలో ఉంచి, కింద గళ్ల కాగితం పెట్టి తీయండి. ఫ్లాష్ వేయొద్దు, నీటి మీద మెరుపు పడి మొప్పలు కనబడవు. ఫొటోతో పాటు ఊరు, కాలువ పేరు, తేదీ, నీళ్లు వదిలి ఎన్నాళ్లైంది, రాయి కింద దొరికిందా గడ్డిలో దొరికిందా, ఈదేటప్పుడు పైకీ కిందికీ ఊగిందా పక్కలకు ఊగిందా రాయండి.